ఆస్టిన్ క్యూ2 స్టేడియం రివ్యూ: నాన్నతో నాలుగు మ్యాచ్‌లు చూశాక

ఆస్టిన్‌లో గానీ, రౌండ్ రాక్, సీడార్ పార్క్, లియాండర్ వైపు గానీ ఉంటూ ఇంతవరకూ క్యూ2 స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదంటే చాలా మిస్ అవుతున్నారు. ముందు ఆ మాట చెప్పేసి మిగతా వివరాల్లోకి వెళ్తాను. ఆస్టిన్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానం అది. నార్త్ ఆస్టిన్‌లో, డొమైన్ అనే షాపింగ్ ప్రాంతానికి దగ్గర్లో, మెకల్లా ప్లేస్ అనే చోట కట్టి 2021 జూన్‌లో తెరిచారు. 20,738 మంది పడతారు. మొదటి సీజన్ నుంచీ ఏడాదికి మూడు నాలుగు మ్యాచ్‌లైనా చూస్తూ వస్తున్నాను. గోల్ వెనక నిలబడి చూశాను, పై అంతస్తులో చివరి వరసలో కూర్చుని చూశాను, మండే ఎండలో చూశాను, వానలోనూ చూశాను. ఇన్నాళ్లూ రివ్యూ రాయాలని మాత్రం అనిపించలేదు. పోయినేడు నాన్న ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు, ఆయన్ని నాలుగు మ్యాచ్‌లకి తీసుకెళ్లాను. ఆయన పక్కన కూర్చుని చూశాకే ఈ స్టేడియంలో ఏది బాగుందో, అది ఎందుకు బాగుందో నాకు సరిగ్గా అర్థమైంది.

నాన్న సికింద్రాబాద్‌లో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ పిచ్చి. (ఇక్కడివాళ్లు సాకర్ అంటారు, మా ఇంట్లో మాత్రం ఫుట్‌బాల్ తప్ప ఇంకో పేరు లేదు కాబట్టి నేనూ అదే రాస్తాను.) హైదరాబాద్ అనగానే ఇప్పుడు అందరికీ క్రికెట్టే గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు దేశంలో ఫుట్‌బాల్‌కి కలకత్తా ఎంతో హైదరాబాదూ అంతే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నీ గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగానే మన దేశం 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. తాత చెప్పే ఆ కథలు వింటూ పెరిగి, తర్వాత లాల్ బహదూర్ స్టేడియంలో కనిపించిన మ్యాచ్ కనిపించినట్టు చూసిన మనిషి మా నాన్న. డెబ్బై ఏళ్లొచ్చినా ఆఫ్‌సైడ్ గీత టీవీవాళ్లు గీయకముందే చెప్పేస్తారు. అలాంటి మనిషికి ఇక్కడి స్టేడియం చూపిస్తున్నానంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉండింది.

మొదటి మ్యాచ్‌కి టచ్‌లైన్ (మైదానం పొడవు గీత) వైపు, కింది అంతస్తులో పన్నెండో వరసలో సీట్లు తీసుకున్నాను. కూర్చున్నాక నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. వార్మప్ చేస్తున్నవాళ్ల బూటు బంతికి తగిలిన చప్పుడు మాదాకా వినిపిస్తోంది, గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద కేకలేస్తుంటే ఆ మాటలూ వినిపిస్తున్నాయి. చివరికి నా భుజం తట్టి "అరే, గింత దగ్గర కూసోబెడ్తరా!" అన్నారు.

ఆ మాట ఎందుకొచ్చిందో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియాన్ని 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టారు, దాని పేరులోనే అథ్లెటిక్ స్టేడియం అని ఉంది. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, అది పుట్టిందే అందుకు. అయితే 400 మీటర్ల ట్రాక్ నడుమ ఫుట్‌బాల్ మైదానం గీస్తే, ట్రాక్ వంపు తిరిగే రెండు కొసల దగ్గర ఖాళీ మరీ ఎక్కువగా మిగిలిపోతుంది. గోల్ పోస్టులు ఉండేది సరిగ్గా అక్కడే. ఆటలో అందరూ ఊపిరి బిగబట్టి చూసే చోటు, సీట్లకి అన్నిటికన్నా దూరంగా ఉండే చోటు ఒకటే అవుతుందన్నమాట. ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియంలో ఆ ఖాళీ ఉండదు. క్యూ2లో గోల్ వెనక మొదటి వరసలో ఉన్నవాళ్లకి వల కదలడం చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో కనిపిస్తుంది.

అమెరికాలో కూడా మొదట్లో ఇదే బాధ. 1996లో మేజర్ లీగ్ సాకర్ (ఇప్పుడు ఆస్టిన్ ఆడే లీగ్) మొదలైనప్పుడు జట్లు దాదాపు అన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియాల్లోనే ఆడేవి. అరవై, డెబ్బై వేల సీట్లలో పదిహేను, ఇరవై వేల మంది కూర్చుంటే నిండిన సీట్ల కన్నా ఖాళీ సీట్లే కళ్లబడతాయి, అరిచిన అరుపు గాల్లో కలిసిపోతుంది. 1999లో కొలంబస్‌లో ఈ లీగ్‌కి మొదటిసారిగా ఈ ఆట కోసమే ఒక స్టేడియం కట్టారు. ఆ తర్వాత లీగ్‌లోకి కొత్తగా వచ్చే జట్టుని అడిగే మొదటి ప్రశ్న "స్టేడియం ఎక్కడ?" అన్నదే అయింది. (కొలంబస్ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.)

ఇక్కడ రూల్స్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొత్త జట్టంటే డబ్బు కట్టి పేరు పెట్టుకోవడమే అనుకుంటారు. అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్‌లకి యూఎస్ సాకర్ ఫెడరేషన్ కొన్ని ప్రమాణాలు పెట్టింది. మొదటి డివిజన్, అంటే అన్నిటికన్నా పై స్థాయి లీగ్ అనిపించుకోవాలంటే జట్ల స్టేడియాల్లో కనీసం 15,000 మంది పట్టాలి. రెండో డివిజన్‌కి 5,000, మూడో డివిజన్‌కి 1,000 చాలు. మైదానం కనీసం 110 గజాల పొడవు, 70 గజాల వెడల్పు ఉండాలి. మొదటి డివిజన్‌లో ప్రధాన యజమాని ఆస్తి కనీసం 4 కోట్ల డాలర్లు ఉండాలి, జట్టులో ఆయన వాటా 35 శాతానికి తగ్గకూడదు. ఇంకా, మొదటి డివిజన్ జట్లలో 75 శాతం పది లక్షలకు పైగా జనాభా ఉన్న మెట్రో ప్రాంతాల్లో ఉండాలి. వీటి పైన లీగ్ తీసుకునే ప్రవేశ రుసుము వేరే. 2007లో టొరంటో జట్టు వచ్చినప్పుడు అది కోటి డాలర్లు. 2025లో ముప్పయ్యో జట్టుగా ఆడటం మొదలుపెట్టిన శాన్ డియేగో కట్టింది 50 కోట్ల డాలర్లు. పద్దెనిమిదేళ్లలో యాభై రెట్లు!

సీట్ల లెక్క ప్రకారం చూస్తే క్యూ2 సులువుగా పాస్. ఇంతకన్నా చాలా పెద్దవి కూడా పాసే. షార్లట్ జట్టు 2022లో బ్యాంక్ ఆఫ్ అమెరికా స్టేడియంలో ఆడిన మొదటి సొంత మ్యాచ్‌కి 74,479 మంది వచ్చారు, అంత జనాన్ని రప్పించడం మామూలు విషయం కాదు. కానీ అది అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం, అక్కడ పరిచి ఉన్నది కృత్రిమ గడ్డి. న్యూయార్క్ సిటీ జట్టు 2015 నుంచి యాంకీ స్టేడియంలో ఆడుతూ వచ్చింది, అది బేస్‌బాల్ మైదానం. ఒక మూలకి సర్దిన ఆ ఫుట్‌బాల్ మైదానం కొలత సరిగ్గా 110 గజాలు, 70 గజాలు, అంటే రూల్ ఎంత కనీసం అడిగిందో అంతే. కాగితం మీద అవి పాస్, క్యూ2 కూడా పాస్. మూడూ ఒకటేనా? కాదు కదా. ఇరవై వేల మంది మైదానాన్ని చుట్టుముట్టి కూర్చున్నప్పుడు పుట్టే ఊపు, దూరంగా విసిరేసినట్టు కూర్చున్న నలభై వేల మందిలో పుట్టదు. న్యూయార్క్ జట్టుకి క్వీన్స్‌లో పాతిక వేల సీట్ల సొంత స్టేడియం కడుతున్నారు, దాని సంగతి నేను చెప్పేకన్నా ఆ అభిమానులు చెప్తేనే బాగుంటుంది.

ప్రమాణాలు రాసేవాళ్లు సీట్ల సంఖ్య పక్కన ఇంకో గడి కూడా పెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది: గోల్ గీతకీ మొదటి వరసకీ మధ్య దూరం ఎంత? అది ఒక్కటి రాయించుకుంటే సగం స్టేడియాల గుట్టు బయటపడుతుంది.

ఇక పైకప్పు. టెక్సస్ వేసవిలో ఇది అలంకారం కోసం పెట్టుకునేది కాదు. జులై, ఆగస్టుల్లో సాయంత్రం ఏడున్నరకి కిక్కాఫ్ అయినా బయట వేడి ఇంకా 35 డిగ్రీలు దాటే ఉంటుంది. క్యూ2లో సీట్ల మీదుగా చుట్టూ కప్పు వేసి, మైదానం పైన మాత్రం ఆకాశానికి వదిలేశారు. నడిచే దారులు గాలి ఆడేలా తెరిచి ఉంటాయి, కాబట్టి ఏసీ లేకపోయినా ఉక్కపోత అంతగా తెలియదు. ఆగస్టు మ్యాచ్‌కి అమ్మ కూడా వచ్చింది. ఫుట్‌బాల్‌తో ఆవిడకి ఏ సంబంధమూ లేదు, మనవరాలి కోసం వచ్చింది. అయినా రెండు గంటలూ హాయిగా కూర్చుంది. ఒక సలహా: సాయంత్రం మ్యాచ్ అయితే పడమటి వైపు స్టాండ్‌లో సీట్లు తీసుకోండి, ఎండ వీపు వెనక ఉంటుంది. తూర్పు వైపు కూర్చుంటే మొదటి అరగంట కప్పు కింది నుంచి పడమటి సూర్యుడు ఏటవాలుగా మొహం మీద పడతాడు, టోపీ తప్పనిసరి. కప్పుతో ఇంకో లాభం ఉంది, మొదట్లో నాకూ తోచలేదు, నాన్నే చెప్పారు: చప్పుడు పైకి పోకుండా మళ్లీ మైదానం మీదకే తిరిగొస్తుంది. అందుకే ఇరవై వేల మంది అరిస్తే యాభై వేల మంది అరిచినట్టుంటుంది.

ఆ చప్పుడంతా దక్షిణం వైపు గోల్ వెనక నుంచి మొదలవుతుంది. అభిమాన సంఘాలవాళ్లు ఉండేది అక్కడే. లాస్ వెర్దెస్, ఆస్టిన్ యాంథమ్ లాంటి సంఘాలన్నీ కలిసి ఒకే గుంపుగా నిలబడతాయి, లా ముర్గా అనే వాద్య బృందం డప్పులు, బాకాలతో తొంభై నిమిషాలూ ఆపకుండా వాయిస్తుంది. అక్కడ ఎవరూ కూర్చోరు, అందరూ నిలబడే చూడాలి. మన బోనాల ఊరేగింపులో డప్పు దగ్గరికి వెళ్లి నిలబడితే గుండెలో ఎలా మోగుతుందో అచ్చం అలాగే ఉంటుంది, ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. రెండో మ్యాచ్‌కి నాన్న పట్టుబట్టి అక్కడికే తీసుకెళ్లమన్నారు. మోకాళ్ల నొప్పులున్నాయి వద్దన్నా వినలేదు. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు, ఒకరిది మెక్సికో కుటుంబం, ఇంకొకరు కాలేజీ పిల్లాడు, ఆయన మెడలో ఆకుపచ్చ కండువా వేసి ముందు వరసకి దారిచ్చారు. హాఫ్ టైం దాకా నిలబడ్డారు నాన్న. తర్వాత వెనక్కి వచ్చి ఒక గోడకి ఆనుకుని చూశారు, ఇంటికి మాత్రం మ్యాచ్ అయ్యాకే బయల్దేరాం. చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ వైపు టిక్కెట్లు తీసుకునే ముందు ఆలోచించుకోండి, పొగ, జెండాలు, నెట్టుకోవడం ఉంటాయి. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లు మాత్రం మొదటి మ్యాచ్ అక్కడే చూడాలి, వేరే మాట లేదు.

మైదానం సహజమైన గడ్డి, బెర్ముడా రకం. అంత ఎండలోనూ బంతి నేల మీద జారినట్టు పోతుంది. మా పాప ఆడే చోట కృత్రిమ గడ్డి కాబట్టి, దానికి ఈ గడ్డి మీద ఆటగాళ్లు జారుతూ ట్యాకిల్ చేసి లేచి మళ్లీ పరుగెత్తడం భలే నచ్చింది, మోకాళ్లు గీసుకుపోవా అని అడిగింది. అంతర్జాతీయ మ్యాచ్‌లు కూడా ఇక్కడ బాగానే జరిగాయి. అసలు ఈ స్టేడియంలో మొదటి మ్యాచే 2021 జూన్ 16న అమెరికా మహిళల జట్టుకీ నైజీరియాకీ జరిగింది, అమెరికా 2-0తో గెలిచింది. ఆస్టిన్ ఎఫ్‌సీ మూడు రోజుల తర్వాత ఇక్కడ మొదటిసారి ఆడి శాన్ హోసేతో గోల్ లేకుండా డ్రా చేసుకుంది. సొంత మైదానంలో మొదటి గోల్ చూడాలంటే జులై 1 దాకా ఆగాల్సొచ్చింది. ఆ రోజు పోర్ట్‌లాండ్ మీద జాన్ గల్లగర్ కొట్టాడు, మ్యాచ్ 4-1. ఆ రాత్రి నేను పై అంతస్తులో ఉన్నాను, కాళ్ల కింద కాంక్రీటు వణకడం అప్పుడే తెలిసింది.

ఇప్పుడు రాకపోకలు. నాకు ఈ స్టేడియం మీద ఉన్న ఒకే ఒక పెద్ద సందేహం ఇక్కడే ఉండేది, అది ఇప్పుడు చాలావరకు తీరింది. స్టేడియం ఆవరణలో పార్కింగ్ చాలా తక్కువ. ఇరవై వేల మంది వచ్చే చోట ఎక్కువమంది బయట ఎక్కడో కారు పెట్టుకుని నడవాల్సిందే. ఒకసారి మేము కొంచెం దూరంలో ఉన్న ఒక ప్రైవేటు స్థలంలో డబ్బు కట్టి పార్క్ చేశాం. మ్యాచ్ అయ్యాక చూస్తే మా కారు వెనక రెండు వరసలు అడ్డంగా పెట్టించేశారు, అక్కడ పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. గంటకు పైగా పాప వెనక సీట్లో నిద్రపోతుంటే అక్కడే ఉండిపోయాం. పార్కింగ్ ముందే బుక్ చేసుకునేవాళ్లు బయటికి వెళ్లే దారి ఎలా ఉంటుందో కూడా అడిగి తెలుసుకోండి.

2024 ఫిబ్రవరిలో మెకల్లా రైలు స్టేషన్ తెరిచాక కథ మారింది. లియాండర్ నుంచి డౌన్‌టౌన్ దాకా వెళ్లే రెడ్ లైన్ మీద, స్టేడియం పక్కనే దిగొచ్చు. అంతకుముందు క్రేమర్ స్టేషన్‌లో దిగి నడిచేవాళ్లు. లియాండర్, సీడార్ పార్క్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, లియాండర్‌లోనో లేక్‌లైన్‌లోనో కారు పెట్టేసి ఎక్కేయడమే. నాన్నకి ఈ రైలు స్టేడియం కన్నా ఎక్కువ నచ్చిందేమోనని కూడా అనుమానం. డీజిల్ బండి, మన డెము లాంటిదే అన్నారు. దారి పొడవునా ఎక్కువ భాగం సింగిల్ లైన్ అని గమనించి, ఎదురు బండి వస్తే క్రాసింగ్ ఎక్కడ ఇస్తారో లెక్కేసుకుంటూ కూర్చున్నారు. మెకల్లా దగ్గర రెండో లైను వేసి ఉండటం చూసి "ఇదీ పద్ధతి, జనం దిగే చోట బండి నిలబడాలె, లైను ఆగద్దు" అన్నారు. మ్యాచ్ అయిన వెంటనే అందరూ ఒకేసారి స్టేషన్‌కి వస్తారు కాబట్టి ఒక పావుగంట లోపలే ఆగి, పాటలు పాడేవాళ్లని చూసి నిదానంగా రండి. తిరుగు బండి టైమింగ్స్ ముందే చూసుకోవడం మర్చిపోవద్దు.

ఇంత పెద్ద స్టేడియం తెరిచిన రెండున్నరేళ్లకి గానీ పక్కన రైలు ఆగలేదంటే, అది ప్రమాణాల్లో లేకపోవడం వల్లే అని నా అభిప్రాయం. సీట్లు ఎన్నో అడుగుతారు, ఆ సీట్లలోకి మనుషులు ఎలా వస్తారో కూడా అంతే గట్టిగా అడగాలి.

తిండి గురించి రెండు ముక్కలు చాలు. టాకోలు, బార్బెక్యూ ఎక్కువ. శాకాహారులకి బీన్స్ వేసిన టాకో, నాచోస్, ఫ్రైస్ లాంటివి దొరుకుతాయి. ధరలు స్టేడియం ధరలే, నలుగురు తింటే జేబుకి బరువే, తినేసి వెళ్లండి. నోటు చెల్లదు, కార్డు గానీ ఫోన్ గానీ ఉండాలి. టిక్కెట్ కూడా ఫోన్‌లోనే, అమ్మానాన్నల టిక్కెట్లు మీ ఫోన్‌లో ఉంటే అందరూ కలిసే లోపలికి వెళ్లండి. బ్యాగ్ అయితే లోపలున్నవి బయటికి కనిపించే పారదర్శకమైనదే ఉండాలి. అమ్మ హ్యాండ్ బ్యాగ్ ఈ కారణంగా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు పైన చెప్పిన కొలంబస్ దగ్గరికి వస్తాను. స్టేడియం నచ్చిందని చెప్పి ఈ సంగతి దాచిపెడితే అది నిజాయితీ గల రివ్యూ కాదు. 2017 అక్టోబర్‌లో కొలంబస్ క్రూ యజమాని ఆంథొనీ ప్రీకోర్ట్ తన జట్టుని ఆస్టిన్‌కి తరలించే ఆలోచన ఉందని ప్రకటించాడు. ఈ ఆట కోసం మొదటి స్టేడియం కట్టిన ఊరు, లీగ్ మొదలైన రోజు నుంచీ ఉన్న జట్టు. అక్కడి అభిమానులు ఊరుకోలేదు. 'సేవ్ ద క్రూ' అని ఉద్యమం చేశారు, ఓహాయో రాష్ట్రం కోర్టుకెళ్లింది, చివరికి కొత్త యజమానులు దొరికి 2019 మొదట్లో జట్టు కొలంబస్‌లోనే నిలిచింది. ప్రీకోర్ట్‌కి ఆస్టిన్‌లో కొత్త జట్టు దక్కింది. కొలంబస్‌కి కూడా 2021 జులైలో కొత్త స్టేడియం వచ్చింది, 2023లో వాళ్లు అదే స్టేడియంలో ఫైనల్ గెలిచారు. అంటే ఇప్పుడు రెండు ఊళ్లూ బాగున్నాయి. కానీ అది ఏ రూల్ వల్లా జరగలేదు, అభిమానులు వదలకుండా పోరాడటం వల్ల జరిగింది.

ఈ కథ నాన్నకి చెప్పిన కొన్ని వారాలకే, 2025 అక్టోబర్‌లో, హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయి పేరు మార్చుకుంటోందన్న వార్త వచ్చింది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన జట్టు. గచ్చిబౌలిలో మొదటి సొంత మ్యాచ్‌లో కేరళని 2-1తో ఓడించింది. 2022 మార్చిలో అదే కేరళని గోవాలో పెనాల్టీల మీద ఓడించి లీగ్ కప్ తెచ్చింది, ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన షాట్లు నాన్న ఫోన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కొవిడ్ వల్ల ఆ సీజనూ అంతకుముందు సీజనూ గోవాలోనే జరిగాయి కాబట్టి కప్పు గెలిచిన జట్టు ఆటని హైదరాబాద్ జనం సొంతూళ్లో చూడలేకపోయారు. వార్త చదివి నాన్న ఫోన్ పక్కన పెట్టేసి, "రహీం సాబ్ ఊర్ల జట్టు లేదు ఇప్పుడు" అని ఒక్క మాట అన్నారు. ఆ సాయంత్రమంతా ఇంకేం మాట్లాడలేదు.

అందుకే ఇప్పుడు ఏ కొత్త జట్టు గురించి చదివినా నేను మొదట చూసేది లీజు ఎన్నేళ్లకి అన్నది. క్యూ2 విషయంలో 2018 ఆగస్టులో ఆస్టిన్ సిటీ కౌన్సిల్ 7-4 ఓట్లతో ఒప్పందం ఆమోదించింది. స్టేడియం ఖర్చు, దాదాపు 26 కోట్ల డాలర్లు, జట్టువాళ్లు పెట్టుకున్నారు. స్థలం, స్టేడియం సిటీ సొంతం. జట్టు ఇరవై ఏళ్ల లీజు మీద ఆడుతుంది, అద్దె మాత్రం ఆరో ఏడాది నుంచి ఏటా 5,50,000 డాలర్లు. ఆస్తి పన్ను రాదు కదా, సిటీకి ఇది నష్టం కాదా అని అప్పట్లో గట్టి వాదనే జరిగింది, ఆ వాదనలో న్యాయం ఉంది. నా మట్టుకు నేను మాత్రం, భవనం ఊరి చేతిలో ఉండి, జట్టు సంతకం చేసి ఇరవై ఏళ్లకి కట్టుబడటం మంచిదే అంటాను. ఊరికీ జట్టుకీ మధ్య ముడి లేకపోతే ఎంత అందమైన స్టేడియమైనా ఖాళీ భవనమే.

చిన్న స్టేడియాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మూడో మ్యాచ్‌కీ నాలుగో మ్యాచ్‌కీ మధ్యలో నాన్నని శాన్ ఆంటోనియో తీసుకెళ్లి అక్కడి టొయోటా ఫీల్డ్‌లో కూడా ఒక మ్యాచ్ చూపించాను. శాన్ ఆంటోనియో ఎఫ్‌సీ రెండో డివిజన్ జట్టు, స్టేడియంలో 8,296 సీట్లు. వాళ్లు కూడా మేజర్ లీగ్ కోసం ప్రయత్నించినవాళ్లే, ఆస్టిన్‌కి జట్టు వచ్చాక పక్కనే ఉన్న ఆ ఊరికి దారి మూసుకుపోయింది. ఆ చిన్న స్టేడియంలో మేము చూసిన ఆట, పక్కన కూర్చున్న కుటుంబాల సందడి, పిల్లలు మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ల దగ్గరికి పరుగెత్తడం, అవన్నీ చూశాక ఎనిమిది వేలు తక్కువ అని నాకు అనిపించలేదు. ఇప్పుడు శాన్ ఆంటోనియో ఆడే ఆ రెండో డివిజన్ లీగ్‌ని నడిపే యూఎస్ఎల్ వాళ్లు 2027-28 నుంచి తమ సొంత మొదటి డివిజన్ లీగ్ మొదలుపెడతామంటున్నారు, గెలిచిన జట్టు పైకి, ఓడిన జట్టు కిందికి వెళ్లే పద్ధతి కూడా తెస్తామంటున్నారు. అదే జరిగితే ఈ 15,000 సీట్ల నిబంధనే వాళ్లకి మొదటి గోడ. లూయీవిల్‌లో నిలబడేవాళ్లని కూడా లెక్కేస్తే ఆ అంకె దాటే స్టేడియం ఉంది గానీ, కొలరాడో స్ప్రింగ్స్‌లో డౌన్‌టౌన్ మధ్యలో కట్టుకున్నది ఎనిమిది వేలదే. మైదానంలో గెలిచి పైకొచ్చిన జట్టుని సీట్లు చాలవని వెనక్కి పంపితే అది ఆటకి న్యాయం కాదు. కొన్నేళ్ల గడువిచ్చి విస్తరించుకోమనాలి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పి ఆపేస్తాను. పెద్దవాళ్లతో వెళ్తే పడమటి వైపు కింది అంతస్తు, పది నుంచి ఇరవై వరసల మధ్య, మెట్లు తక్కువ ఎక్కాలి, ఆట కళ్లెదురుగా ఉంటుంది. డబ్బు ఆదా చేయాలంటే పై అంతస్తు చాలు, చివరి వరస నుంచి కూడా జట్టు ఎలా నిలబడిందో, ఖాళీ ఎక్కడ దొరికిందో మొత్తం కనిపిస్తుంది. ఆట అర్థం చేసుకోవాలనుకునే పిల్లలకి నిజానికి అదే మంచి చోటు. మార్చి, ఏప్రిల్, అక్టోబర్ మ్యాచ్‌లు అన్నిటికన్నా హాయి. 2027 మధ్య నుంచి లీగ్ సీజన్‌ని జులైలో మొదలుపెట్టి మే నెలాఖరులో ముగించేలా మారుస్తున్నారు, కాబట్టి చల్లటి నెలల్లో మ్యాచ్‌లు ఇంకా పెరగొచ్చు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర పార్కింగ్‌కీ తిండి ధరలకీ.

నాన్న నవంబర్‌లో వెళ్లిపోయారు. ఆకుపచ్చ కండువా సూట్‌కేసులో పెట్టుకుని మరీ తీసుకెళ్లారు. పోయిన ఆదివారం ఫోన్ చేసి సీజన్ షెడ్యూల్ వచ్చిందా అని అడిగారు, వచ్చింది నాన్నా అంటే, తను మళ్లీ వచ్చేటప్పటికి కొలంబస్ జట్టు ఇక్కడికొచ్చి ఆడే మ్యాచ్ ఏదైనా ఉంటే రెండు టిక్కెట్లు తీసిపెట్టమన్నారు. ఆ ఊరి జనం ఎలా ఉంటారో చూడాలట.